వాట్సాప్ గ్రూపా, పొద్దుటి మీటింగా, రిజిస్టరా? మీ టీమ్‌కు ఏది పనికొస్తుందో ఇలా తేల్చుకోండి

మిర్యాలగూడ రైస్ మిల్లులో సూపర్‌వైజర్, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్, నల్లగొండలో ఇరవై మంది స్టాఫ్‌తో నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరమ్మ. ఎవరిని కదిలించినా టీమ్ గురించి వచ్చే ఫిర్యాదు ఒక్కటే: "చెప్పింది వినరు." అందుకని కొత్త గ్రూపు పెడతారు, అదీ పనిచేయకపోతే రోజూ మీటింగ్ అంటారు, చివరికి గోడకు బోర్డు వేలాడదీస్తారు. నెల తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఏది ఎంచుకోవాలో తేల్చడానికి నేను వాడే కొలత ఒకటుంది. కింద ఏదైనా చెడితే ఆ కబురు పైదాకా ఎంతసేపట్లో వస్తోంది? మంచి కబురు గురించి బెంగ అక్కర్లేదు, దాన్ని నలుగురు పోటీపడి మోసుకొస్తారు. డ్రయ్యర్‌లో వేడి ఎక్కువై బియ్యం పగులుతోందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, పాలిష్ దగ్గర నూక కుప్పపడ్డాకే బయటపడుతుంది. మర పట్టమని ప్రభుత్వం ఇచ్చే క్వింటాల్ వడ్లకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం, పచ్చి బియ్యమైతే 67 కిలోలు ప్రభుత్వానికి తిరిగి అప్పగించాల్సిన మిల్లరుకు ఆ ఆలస్యం ఎంత ఖరీదో చెప్పనక్కర్లేదు. కాబట్టి కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఇదే కొలతతో చూద్దాం.

ముందు మనుషులను లెక్కపెట్టండి

ఐదుగురి టీమ్‌లో ఇద్దరిద్దరి మధ్య మాట నడిచే దారులు 10. పది మందైతే 45. ఇరవై మందైతే 190. మనుషులు రెట్టింపైతే దారులు నాలుగింతలకు పైనే అవుతాయి. ఆరేడుగురున్న కొట్టులో ఏ పద్ధతీ పెట్టకపోయినా పని నడిచిపోతుంది, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడుతూనే ఉంటుంది. పన్నెండు, పదిహేను దాటాక "అందరికీ చెప్పాను కదా" అన్న మాటకు విలువ లేదు. అక్కడ మధ్యలో ఒక మనిషి కావాలి, లేదా రాత కావాలి.

ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకరినొకరు చూసుకోని షిఫ్టులున్నాయా? ఉంటే నోటిమాట ఒక్కదానితో సరిపోదు. అందరిదీ ఒకే భాషేనా? మిల్లుల్లో బిహార్ హమాలీలు, ఫ్యాక్టరీల్లో ఒడిశా కుర్రాళ్లు, వాళ్ల పక్కనే మన ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే ఆడవాళ్లు. తెలుగులో నోటీసు అంటించి పని అయిపోయిందనుకుంటే సగం మందికి అది గోడమీద కాగితమే. కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో కూడా నోటీసులు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే రాశారు. ఆ పాటి ముందుచూపు ఇప్పుడు మన గ్రూపు మెసేజ్‌లలో కనిపించదు.

వాట్సాప్: ఫొటోకు మేలు, నిర్ణయానికి కీడు

ఖర్చు లేదు, నేర్పక్కర్లేదు, అందరి జేబులో ఉంది. ఒక గ్రూపులో 1024 మందిని పెట్టొచ్చు. తెగిన బెల్టు, కారుతున్న పైపు, లారీ బిల్లు లాంటివి ఫొటో తీసి పంపితే పది మాటలు ఆదా. చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ వరం. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, బొటనవేలు గుర్తు పెట్టారంటే చూశారని అర్థం, ఒప్పుకున్నారని కాదు, చేస్తారని అసలే కాదు. "రేపు బాయిలర్ ఇన్‌స్పెక్షన్, ఆరింటికల్లా రావాలి" అన్న మెసేజ్ కింద పద్దెనిమిది బొటనవేళ్లు, దాని కింద రెండు గుడ్ మార్నింగ్ పూలు, ఒక పెళ్లి శుభలేఖ. పొద్దున ఆరింటికి వచ్చేది నలుగురు. పైగా గ్రూపులో చెడు కబురు పెట్టడమంటే అందరి ముందు తల దించుకోవడమే. యజమాని, ఆయన కొడుకు, అకౌంటెంట్, పోటీపడే సహోద్యోగి అందరూ చూస్తుండగా "నా చేతిలో మెషిన్ ఆగిపోయింది" అని ఎవరు రాస్తారు? మన కొలతతో చూస్తే వాట్సాప్ మార్కులు ఇక్కడే పడిపోతాయి.

వాడాలనుకుంటే రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది. సెలవులు, జీతం తేదీ, షిఫ్టు మార్పులు అందులో. రెండోది పని మాటలకు. శుభాకాంక్షలకు మూడోది కావాలంటే వాళ్లే పెట్టుకుంటారు, అందులోకి మీరు వెళ్లకండి. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్ పెట్టే అలవాటున్న మేనేజర్ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది రేపటి పని అని ఆయనకు తెలుసు, చూసినవాళ్లకు మాత్రం నిద్ర పట్టదు. ఆసుపత్రి నడిపేవాళ్లయితే రోగుల రిపోర్టులు గ్రూపులో పెట్టనే వద్దు. మనిషి ఉద్యోగం మానేసినా అవన్నీ అతని ఫోన్‌లోనే ఉంటాయి.

పొద్దుటి పది నిమిషాలు

పని మొదలయ్యే ముందు నిలబడి మాట్లాడుకునే మీటింగ్. కుర్చీలు వేస్తే పది నిమిషాలు ముప్పావుగంట అవుతుంది, అందుకే నిలబడాలి. నిన్న ఏం మిగిలింది, ఎక్కడ ఆగింది, ఈరోజు ఎవరికి ఏం కావాలి. అంతకుమించి అందులో ఏమీ ఉండకూడదు.

ఇది చెడిపోయే తీరు ఎప్పుడూ ఒకటే: పది నిమిషాలూ సారే మాట్లాడతాడు. చివర్లో "సమజైందా?" అంటాడు. ఆ ప్రశ్నకు "ఐంది సార్" తప్ప ఇంకో జవాబు ఈ జిల్లాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. దాని బదులు ఒకరిని పిలిచి "ఇప్పుడు నువ్వు పోయి మొదట ఏం చేస్తవ్?" అని అడిగి చూడండి. మీరు చెప్పిందేమిటో, అతనికి చేరిందేమిటో అక్కడే తెలిసిపోతుంది. రోజూ ఒకరినే అడిగితే పరీక్ష పెడుతున్నారనుకుంటారు, మారుస్తూ ఉండండి.

ఇంకో సంగతి, ఈ పది నిమిషాలు డ్యూటీ టైమ్‌లోనే ఉండాలి. పంచ్ కొట్టకముందే పిలిచి నిలబెడితే రెండోవారానికి ఏదో ఒక బస్సు లేటవుతూనే ఉంటుంది. సీజన్‌లో మిల్లు గేటు బయట వడ్ల లారీలు బారులు తీరినప్పుడు పొద్దున కుదరదు. అలాంటి రోజుల్లో హమాలీల చాయ్ టైమ్ పట్టుకోండి. ఎట్లాగూ అందరూ ఒకచోట ఉంటారు, మాట కూడా తేలిగ్గా వస్తుంది.

ఎనిమిది నుంచి పదిహేను మందిదాకా ఉన్న, ఒకే షిఫ్టు టీమ్‌కు దీనికి మించింది లేదని నా అభిప్రాయం. అంతకంటే పెద్ద టీమ్ అయితే విడగొట్టాలి. నలభై మందిని వరసగా నిలబెట్టేది ప్రార్థన, మీటింగ్ కాదు.

రిజిస్టర్: పాతదే, కానీ ప్రాణాలు కాపాడేది

షిఫ్టులు మారే చోట రాత తప్పదు. పోలేపల్లి ఫార్మా యూనిట్లలో పనిచేసిన ఎవరినడిగినా రాయని పని చేయని పనితో సమానమని మొదటి వారంలోనే నేర్పుతారని చెప్తారు. ఆ క్రమశిక్షణ మందుల కంపెనీలకే పరిమితం కానక్కర్లేదు.

1988 జులై 6న స్కాట్లాండ్ తీరానికి దూరంగా, ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు, గ్యాస్ వేదిక మంటల్లో కాలిపోయింది. 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టులో ఒక పంపుకు ఉండే సేఫ్టీ వాల్వ్‌ను రిపేరుకు తీశారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు అందలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వాళ్లు మొదటి పంపును నడిపారు. అనుమతి కాగితాలున్నా, చేతులు మారేటప్పుడు కబురు జారిపోయింది. మన బాయిలర్ దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ మారేటప్పుడు జారేది కూడా ఇలాంటి కబురే.

మరి రిజిస్టర్‌తో ఇబ్బంది లేదా? ఉంది. రాస్తారు, ఎవరూ చదవరు. "అంతా ఓకే" అని నెలంతా ఒకే చేతిరాతలో కనిపిస్తే అది ఒక్కసారే కూర్చుని నింపిందని అర్థం. అందుకే దిగే మనిషి, ఎక్కే మనిషి ఇద్దరూ పుస్తకం ముందు నిలబడి, ఇద్దరూ సంతకం పెట్టాలి. "అంతా ఓకే" రాయడానికి చోటు లేకుండా గడులు వేయండి: ఆపిన మెషిన్ ఏది, విప్పిన భాగం ఏది, సగంలో ఉన్న పని ఏది, ఎవరికి చెప్పారు. చెడు కబురుకు గడి ఉంటే అది రాయడం నేరం చెప్పుకున్నట్టు కాకుండా మామూలు పనిలా అనిపిస్తుంది. రాయడం రాని మనిషైతే చెప్పించి ఇంకొకరు రాయాలి, అంతే తప్ప అతన్ని వదిలేయకూడదు.

పద్ధతి ఏదైనా, మొదటి మాట మీదే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ దారులే. ఆ దారిన చెడు కబురు వస్తుందా రాదా అన్నది మీ నోటి నుంచి వెలువడే మొదటి మాటను బట్టి ఉంటుంది.

"సార్, డ్రయ్యర్ల వేడి ఎక్కువైతాంది" అని కుర్రాడు పరుగెత్తుకొచ్చాడనుకోండి. "ఇంతసేపు ఏం జేస్తున్నవ్?" అంటే వచ్చేసారి రాడు. "మంచిపని జేసినవ్ తమ్మీ, ఎప్పటిసంది అయితాంది?" అంటే వస్తాడు. తప్పు అతనిదే అయినా ఆ లెక్క సాయంత్రం తేల్చుకోవచ్చు. టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైన్ మీద పనిచేసే ఎవరైనా లోపం కనిపిస్తే తాడు లాగొచ్చు, వెంటనే టీమ్ లీడర్ అక్కడికి వస్తాడు. తాడు కట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. లాగినవాడిని తిట్టకుండా ఉండటమే ఖరీదైన పని.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో మందులిచ్చే తప్పులపై పనిచేశారు. మంచి టీమ్‌లలో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే లెక్కలు తలకిందులుగా వచ్చాయి. బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. అక్కడివాళ్లు భయపడకుండా చెప్పుకుంటున్నారన్నదే ఆమెకు కనిపించిన కారణం. మీ డిపార్ట్‌మెంట్‌లో నెలంతా ఒక్క పొరపాటు కూడా నమోదు కాలేదంటే సంబరపడకుండా కాస్త అనుమానించండి.

తిట్టాల్సి వస్తే గదిలోకి పిలవండి, మెచ్చుకోవాల్సి వస్తే పేరు పెట్టి అందరి ముందు మెచ్చుకోండి. ఇది అందరికీ తెలిసిందే, చేసేవాళ్లే తక్కువ.

ఆదేశించాలా, అడగాలా, వదిలేయాలా?

కర్ట్ లెవిన్, రోనల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ 1939లో ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ పనికొస్తుంది. పదేళ్ల పిల్లల బృందాలను వేర్వేరు తీరుల పెద్దల కింద పెట్టి చూశారు. హుకుం జారీచేసే పెద్ద కింద ఆయన ఎదురుగా ఉన్నంతసేపు పని బాగా జరిగింది, గదిలోంచి బయటికి వెళ్లగానే పడిపోయింది. పిల్లలతో కలిసి నిర్ణయించే పెద్ద వెళ్లినా పని సాగింది. పట్టించుకోకుండా వదిలేసిన చోట పెద్దగా ఏమీ జరగలేదు. మిల్లు ఓనరు హైదరాబాద్ వెళ్లిన రోజు ఎంత పని జరుగుతుందో చూస్తే ఆయన ఏ రకమో తెలుస్తుంది.

అయినా ఎప్పుడూ అడగడమే గొప్ప అని నేననను. బాయిలర్ ప్రెజర్, కరెంట్ పని, మంటలు, రోగి ప్రాణం దగ్గర ఒక్కరి మాటే నడవాలి, అక్కడ చర్చ పెట్టేవాడు లీడర్ కాదు. కొత్తగా చేరినవాడికీ స్పష్టంగా చెప్పాలి. "నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి" అంటే వాడికి స్వేచ్ఛ దొరకదు, టెన్షన్ దొరుకుతుంది. పదేళ్లుగా ఆ మెషిన్ మీదున్న ఫిట్టర్‌కు మాత్రం ఏం కావాలో చెప్పి పక్కకు తప్పుకోవాలి. ఒకే మనిషి కూడా తెలిసిన పనిలో పాతవాడు, కొత్త పనిలో కొత్తవాడు.

అడిగి తీరాల్సిన వాటిలో మన దగ్గర మొదటిది పండగ సెలవులు. సద్దుల బతుకమ్మనాడు ఆడవాళ్లలో ఒక్కరు కూడా డ్యూటీకి రావాలనుకోరు. దసరాకు అందరూ ఊరికి పోవాలనే చూస్తారు. మీరు కూర్చుని జాబితా రాస్తే ఎవరో ఒకరికి ఏడాదంతా కడుపుమంట. ఎంతమంది తప్పనిసరిగా ఉండాలో సంఖ్య మాత్రం మీరు చెప్పి, ఎవరన్నది వాళ్లనే తేల్చుకోమనండి. పోయినేడు ఆగినవాళ్లకు ఈసారి ముందు అవకాశం అన్న న్యాయం వాళ్లే తెస్తారు.

అన్నిటికంటే చెడ్డది ఉత్తుత్తి అడగడం. నిర్ణయం అయిపోయాక "మీరేమంటారు?" అని మీటింగ్ పెడితే రెండోసారికే జనం పసిగడతారు, ఆ తర్వాత నిజంగా అడిగినా నోరు విప్పరు. "ఇది అయిపోయిన నిర్ణయం, ఎట్లా చేయాలో మాట్లాడుదాం" అని మొదటే చెప్పేయడం ఎంతో మర్యాద.

లీడ్‌గా ఎవరిని పెట్టాలి?

సీనియర్‌నా, పనిలో దిట్టనా, బాగా మాట్లాడేవాడినా? ఈ ముగ్గురిలో ఎవరూ కాకపోవచ్చు. సందేహం వస్తే మిగతావాళ్లు ఎవరి దగ్గరికి పోతున్నారో ఒక వారం గమనించండి. చెడు కబురు మొదట చేరేది ఆ మనిషికే. పనిలో దిట్టను లీడ్ చేస్తే చాలాసార్లు మంచి ఆపరేటర్ పోతాడు, చిరాకుపడే సూపర్‌వైజర్ మిగులుతాడు.

ఇక్కడ మేస్త్రీ వ్యవస్థ గురించి చెప్పాలి. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర మట్టి మోసిన పాలమూరు కూలీలు గుంపులుగా, మేస్త్రీల వెంట పోయినవాళ్లే. అడ్వాన్స్ ఇచ్చేది మేస్త్రీ, పని మాట్లాడేది మేస్త్రీ, ఓనరుతో మాటంతా ఆయన ద్వారానే. ఇప్పుడు మన మిల్లులకు బయటి రాష్ట్రాల నుంచి వచ్చే ముఠాలదీ దాదాపు అదే తీరు. భాష సమస్య తీరుతుంది, మనిషి తగ్గితే ఇంకో మనిషిని ఆయనే తెస్తాడు. కాని తన కమీషన్‌కు దెబ్బ తగిలే కబురు ఆయన దగ్గరే ఆగిపోతుంది: ఒకడికి చేయి నలిగింది, ఇంకొకడికి కూలి పూర్తిగా అందలేదు. పని మేస్త్రీ ద్వారానే చెప్పించండి. భద్రత, కూలి లెక్క మాత్రం వాళ్ల భాష తెలిసిన ఇంకో మనిషిని పెట్టి నేరుగా కూలీలకే చెప్పించండి.

ఎవరి కంటా పడని ఇంకో వనరు మన మహిళా సంఘాలు. ప్యాకింగ్ సెక్షన్‌లో తల వంచుకుని పనిచేసే అక్క ఊళ్లో సంఘం లీడర్ అయి ఉండొచ్చు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, సమయానికి కిస్తీ, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలతో ఏళ్ల తరబడి మీటింగులు నడిపిన అనుభవం ఆమెది. కిస్తీ కట్టలేని మనిషితో ఎలా మాట్లాడాలో, తీర్మానం ఎలా రాయించాలో మీ సూపర్‌వైజర్ కంటే ఆమెకు బాగా తెలుసు. ఆడవాళ్లు ఎక్కువున్న యూనిట్లలో లీడ్ కోసం వెతికేటప్పుడు సంఘంలో ఎవరెవరున్నారో ఒకసారి అడగండి.

డబ్బు పెట్టాలనుకుంటే

హైదరాబాద్ నుంచి ట్రైనర్‌ను పిలిపించి ఫంక్షన్ హాల్లో ఒకరోజు క్లాసు పెట్టడం ఒక దారి. చప్పట్లు, ఆటలు, ఫొటోలు, మంచి భోజనం. ఆ రోజు హుషారుగా ఉంటుంది, సోమవారానికి ఎవరి తీరు వాళ్లది. అదే డబ్బుతో సూపర్‌వైజర్లను వారానికి అరగంట కూర్చోబెట్టి ఆ వారం జరిగిన ఒకే ఒక గొడవను విప్పి మాట్లాడుకుంటే ఎక్కువ ఫలితం. నేనైతే రెండోదానికే ఓటేస్తాను. వంద మంది, ఆపైన పనిచేసే చోట యాజమాన్యం వాళ్లకు తగ్గకుండా కార్మికుల ప్రతినిధులుండే వర్క్స్ కమిటీ ఆలోచన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే వచ్చింది. పేరుకు మాత్రమే నడిచే కమిటీని నిజంగా కూర్చోబెట్టడానికి పైసా ఖర్చు లేదు.

మీరు ఏది తీసుకోవాలి?

ఆరేడుగురున్న షాపు, ఆఫీసు: ఒక వాట్సాప్ గ్రూపు, రోజూ కలిసి చాయ్. ఇంకేమీ పెట్టకండి, పెడితే అనవసరపు తతంగం.

పదిహేను మంది, ఒకే షిఫ్టు: పొద్దుటి పది నిమిషాలు, ప్రకటనలకు మాత్రమే గ్రూపు.

రెండు మూడు షిఫ్టుల ఫ్యాక్టరీ, ఆసుపత్రి, పవర్ ప్లాంట్: రిజిస్టర్ మొదట, మీటింగ్ రెండోది, వాట్సాప్ ఆఖరిది. ఈ వరుస మార్చకండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో కూర్చునో ఇంటి నుంచో హైదరాబాద్ క్లయింట్లకు పనిచేసే చిన్న టీమ్: అందరూ ఒకచోట లేరు కాబట్టి నిర్ణయాలన్నీ రాతలో ఉండాలి. ఫోన్‌లో తేల్చుకున్నదాన్ని కూడా రెండు లైన్లుగా రాసి పంపే బాధ్యత ఒకరికి అప్పగించండి. వారానికి ఒకసారైనా ముఖాముఖి కలవండి.

సీజన్‌లో ఏ మార్పూ మొదలుపెట్టొద్దు. వడ్లు తగ్గి ఊపిరి తీసుకునే నెల చూసుకుని మొదలుపెట్టి, కనీసం రెండు నెలలు ఒకే పద్ధతి నడవనివ్వండి. ఆ రెండు నెలలూ డైరీలో రెండు గీతల లెక్క రాయండి: ఎవరో వచ్చి చెప్తే తెలిసిన సమస్యలు ఒక పక్క, మీరే కనిపెట్టినవి ఇంకో పక్క. మొదటి పక్క పెరగకపోతే పద్ధతి మార్చే ముందు, చెప్పడానికి వచ్చిన చివరి మనిషికి మీరిచ్చిన జవాబు ఏమిటో గుర్తు తెచ్చుకోండి.